అవతలి రేటు

"నా తాళాలు తీసేసుకున్నారు."

గుమ్మంలో నిలబడి ఆ ఒక్క ముక్కా అని, ఆమె పనిముట్ల బెల్టు విప్పి బల్ల మీద పడేసింది. స్పానర్లున్నాయి, టెస్టరుంది, నూనె మరకల గుడ్డ ఉంది. నడుముకి కుడిపక్కన ఎప్పుడూ గలగలమనే తాళాల గుత్తి మాత్రం లేదు.

తక్కెడ కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. నట్లూ బోల్టులూ బేరింగులూ తూచి అమ్మే మనిషి అతను. తూచకుండా నవ్వడం కూడా నవ్వడని బజారు పెట్టిన పేరది. అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉంది గానీ ఎవరూ చదవరు.

"ఏ తాళాలు?" అన్నాడు, తెలియనట్టు.

"ఏ తాళాలా? ఊళ్లో సగం మేడల మీద లిఫ్టు గదుల తాళాలు. రేపట్నుంచి నేను రోపు ముట్టుకోకూడదట, బ్రేకు ముట్టుకోకూడదట. ఫోన్ బల్ల దగ్గర కూర్చుని 'లిఫ్టు ఆగిందాండీ, కంగారుపడకండి, మనిషిని పంపిస్తున్నాం' అని చిలక పలుకులు పలకాలట."

"ఎందుకట?"

"మీరే చెప్పండి."

లోపలి గదిలో రేడియో గొంతు తగ్గింది. ఆ ఇంట్లో రేడియో తగ్గిందంటే అతని తల్లి చెవులు రిక్కించిందని అర్థం.

తక్కెడ గొంతు సవరించుకున్నాడు. "మధ్యాహ్నం మీ డిపో మేనేజర్ని కలిశాను. కలిస్తే తప్పేంటి?"

"ఎందుకు కలిశారు?"

"మొదటి మాట ఇవ్వడానికి."

మొదటి మాట అన్నది బజారు మర్యాద. కొత్త హోల్‌సేలు వాడెవడో మంచి రేటు చెప్పాడని వెంటనే వాడి వైపు దూకకూడదు. ఏళ్ల తరబడి సరుకిచ్చిన పాత వర్తకుడి దగ్గరికి ముందు వెళ్లాలి. కొత్త రేటు ఆయన ముందు పెట్టి "ఇదీ సంగతి, మీరేమంటారు?" అనాలి. ఆయన సరిపెడితే స్నేహం నిలుస్తుంది. కుదరదంటే చేయి కలిపి లేచి రావచ్చు. మొదటి మాట ఇవ్వకుండా జారుకున్నవాడికి ఆ బజార్లో మళ్లీ అప్పు పుట్టదు.

పొరుగు దేశంలోని లిఫ్టుల కంపెనీ ఒకటి తన భార్యకు మూడింతల జీతంతో ఉద్యోగం ఇస్తామన్నప్పటి నుంచీ తక్కెడ రెండు దేశాల్నీ రెండు పళ్లాల్లో వేసి తూస్తూనే ఉన్నాడు. తూచి తూచి, చివరికి పెద్దమనిషి చేయాల్సిన పనే చేశాననుకున్నాడు. ఆఫర్ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని డిపోకి వెళ్లాడు.

"ఏమన్నారు ఆయనతో?"

"గౌరవంగానే అన్నాను. 'మా ఆవిడకి అవతల మూడింతలు ఇస్తామంటున్నారు. మీరు పాతవాళ్లు కాబట్టి ముందు మీ చెవిన వేస్తున్నాను' అన్నాను. అంతే."

"అంతే!" ఆమె నవ్వింది. ఆ నవ్వుకంటే తిట్టడమే నయమనిపించింది అతనికి. "ఆయన దాన్ని నా రాజీనామా అనుకున్నాడు. పోయే మనిషి చేతిలో తాళాలుంచకూడదని మా దగ్గర రూలు. నేను పెంట్‌హౌసులో బ్రేకు లైనింగు మారుస్తున్నా. 'పని ఆపి కిందికి రా' అని ఫోను. కింద స్టోరు వాడు చేయి చాపి నిలబడ్డాడు. నా దగ్గర పని నేర్చుకున్న మనిషి వాడు! నా కళ్లలోకి చూడలేకపోయాడు."

"బేరానికి వెళ్లినవాడిని దొంగలా చూస్తారని నాకేం తెలుసు?"

"బేరం ఎవరిది? సరుకు ఎవరిది? నేను మీ కొట్లో బేరింగునా, నన్ను జేబులో వేసుకెళ్లి ఇంకొకడి బల్ల మీద పెట్టడానికి?"

బజార్లో ఎవరెంత అన్నా ఎదురు రేటు చెప్పే తక్కెడ నోరు, ఇంట్లో ఆ ప్రశ్నకు రేటు కట్టలేకపోయింది.

ఆమె మంచినీళ్లు తాగింది. గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

"నీ మంచికే కదా," అన్నాడు తక్కెడ. "చిన్న లెక్క చెప్తా విను. ఇక్కడ నీ జీతం నత్త. ఏడాదికో అంగుళం. అక్కడ ఓవర్‌టైము రెట్టింపు. నీలాంటి పనివాళ్ల కోసం నాలుగు కంపెనీలు కొట్టుకుంటాయి. ఇక్కడిది ఖాతా బేరం. వాడు ఎప్పుడో ఇస్తాడు, నువ్వు ఎప్పటికో తింటావు. అక్కడిది రొక్కం."

"రొక్కం బేరంలో ఏముంటుందో నేను చెప్పనా? మొదటి ఏడాది సెలవు లేదు. జ్వరమొస్తే ఆ పూట జీతం లేదు. వద్దనుకుంటే ఆ రోజే పొమ్మంటారు. బీమా నా ఒక్కదానికే. మీకు కావాలంటే నా జీతంలోంచి కోత. అత్తయ్యకైతే కోతకి కూడా వీల్లేదు. ఇక్కడ ఏడాదికి నెల సెలవుంది. విచారణ లేకుండా నన్ను ఎవడూ తీసెయ్యలేడు. అత్తయ్య కళ్లకి నెలనెలా వేసే ఇంజెక్షను ఎవరి ఖర్చు? కంపెనీది. మీ పళ్లెంలో ఆ ఇంజెక్షను వేశారా, లేదా?"

"వేశాను. మూడింతల్లోంచి అమ్మ మందులు మనమే కొనుక్కున్నా మిగులుతుంది."

"మూడింతలు ఆగిన రోజున?"

"ఆగితే ఇంకో కంపెనీ."

"రెండిటి మధ్యా?"

లోపలి గది తలుపు దగ్గర ముసలావిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. ఒక చేయి గోడ మీద, ఒక చేయి కంటి కట్టు మీద.

"నా కళ్ల కోసం మీరు కొట్లాడుకోకండి," అంది. "చూడాల్సినవన్నీ చూసేశాను. ఇంకా మీ మొహాలే మిగిలాయి. అవి చూడకపోయినా నష్టం లేదు."

"అమ్మా, నువ్వు లోపలికెళ్లు."

"నువ్వు వెళ్లరా. నీ పెళ్లాన్ని అడక్కుండా అమ్మకానికి పెట్టినవాడివి, నన్ను లోపలికి పొమ్మంటున్నావు. నన్నెంతకి ఇస్తానన్నావో చెప్పి మరీ వెళ్లు."

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవారు. ఆమె అత్తగారి చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "మీరుండండి అత్తయ్యా. మిమ్మల్ని ఎవరూ బేరం పెట్టలేదు. నన్నే పెట్టారు."

లోపల రేడియో ఎవరికీ అక్కర్లేని వాతావరణం చెబుతూ ఉండిపోయింది.

*

మర్నాడు పొద్దున కొట్టు షట్టరు ఎత్తగానే తక్కెడ బావమరిదికి ఫోన్ చేశాడు. రెండేళ్ల కిందట సరిహద్దు దాటి వెళ్లిన లిఫ్టు మెకానిక్కు వాడు. అక్కకి ఆ ఉద్యోగం చూసిపెట్టిందీ వాడే.

"ఏం బావా, తక్కెడ ఎటు మొగ్గింది?"

"వెటకారాలు తర్వాత. ముందు నిజం చెప్పు. అక్కడ ఉద్యోగాలు అంత పుష్కలమా?"

"పుష్కలమే. పొద్దున పోతే సాయంత్రానికి ఇంకోటి. నాకిది నాలుగోది."

"మూడోది కదా?"

"అది కిందటి నెల."

తక్కెడ చేతిలోని నట్లు డబ్బాలో వేశాడు. "తీసేశారా?"

"ఛ, అంత మాట అనరు ఇక్కడ. 'మీ సేవలు ఇక చాలు' అంటారు. మధ్యాహ్నం అన్నారు, సాయంత్రానికి నా కార్డుతో గేటు తెరుచుకోలేదు. మర్నాడు ఇంకో కంపెనీవాళ్లు టీ ఇచ్చి మరీ కూర్చోబెట్టారు. ఇక్కడ ఉద్యోగం బస్సు బావా. ఒకటి దిగితే ఇంకోటి వస్తుంది. మన దగ్గర ఉద్యోగం ఇల్లు. కట్టుకోవడానికి సగం వయసు పడుతుంది, ఒకసారి బయటికొచ్చి తలుపేస్తే మళ్లీ లోపలికి రానివ్వరు."

"బస్సు దొరికేదాకా వానలో నిలబడాల్సిందేనా?"

"అంతే. గొడుగు ఎవడిది వాడు తెచ్చుకోవాలి."

"ఒంట్లో బాగోకపోతే?"

అటు గొంతులో హుషారు తగ్గింది. "మొన్న తలుపు పట్టాలో వేలు నలిగింది. కొత్త కంపెనీ కదా, ఇంకా సెలవు పుట్టలేదు. గుడ్డ చుట్టుకుని పనికెళ్లాను. గోరు పోయింది. వేలుంది. లాభమే."

"మీ అక్కకి చెప్పావా?"

"చెప్పాకే కదా వద్దంది."

"ఏం వద్దంది?"

ఫోన్లో చిన్నగా, నాలుక కరుచుకున్నట్టు ఒక చప్పుడు.

"బావా, నీకు చెప్పలేదా?"

"నువ్వు చెప్పు."

"కిందటి వారమే వాళ్లకి రానని రాసేసింది. వాళ్లు వెంటనే వేరేవాణ్ణి తీసుకున్నారు కూడా. ఇక్కడ ఖాళీ ఒక పూట కూడా ఆగదు. నువ్వు లెక్కలేసుకుంటూ మహా సంబరంగా ఉన్నావట, నీ సంబరం చెడగొట్టడం ఎందుకని ఆగింది. అక్కడ తన డిపోలో సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అవుతోంది, వరసలో తన పేరే ముందుంది, అది చేతికొచ్చాక రెండూ ఒకేసారి చెబుతానంది. నేను అన్నానని అనకు. చంపేస్తుంది."

తక్కెడ ఫోను పెట్టేశాడు.

కొట్టు ముందు ఎవరో బేరింగు అడిగారు. లేదన్నాడు. అడిగిన మనిషి అద్దాల అర వైపు వేలు పెట్టి చూపించాడు. అప్పుడు తీసి ఇచ్చాడు.

రేటు తప్పు చెప్పడం బజార్లో పొరపాటు. ఎవడైనా ఒకసారి చేస్తాడు, జనం మరిచిపోతారు. చచ్చిన రేటు చూపించడం అలాంటిది కాదు. వెనక్కి తీసేసుకున్న రేటును బతికున్నట్టు చేతిలో పట్టుకెళ్లి పాత వర్తకుణ్ణి ఒత్తిడి చేయడమంటే మోసం. తెలియక చేశానన్నా వినరు. "తెలుసుకోకుండా ఎందుకొచ్చావు?" అంటారు. ఆ మాటకి జవాబు ఉండదు.

అక్కడి ఉద్యోగం లేదు. ఇక్కడి ఉద్యోగం ఫోన్ బల్ల దాకా జారింది. సూపర్‌వైజరు పోస్టు గాల్లో ఉంది. అమ్మ ఇంజెక్షను ఆ పోస్టు మీద కాకపోయినా ఆ ఉద్యోగం మీద ఉంది. ఆమె పైసా నష్టం లేకుండా ముగించిన బేరాన్ని తాను మళ్లీ తెరిచాడు. లెక్క తేలడానికి వేళ్లు కూడా అక్కర్లేదు.

మధ్యాహ్నానికి ఆమె ఫోను వచ్చింది. రెండే మాటలు. "మేనేజరు ఇద్దర్నీ రమ్మన్నాడు. రండి."

*

డిపో మెట్ల దగ్గర కలిశారు.

"నీతో ఒక మాట చెప్పాలి," అన్నాడు తక్కెడ.

"మాటలు నిన్ననే అయిపోయాయి. ఆయన పిలిచాడు కాబట్టి వచ్చారు. లోపల నోరు తెరవకండి."

"అది కాదు, పొద్దున నాకు..."

"ఏమండీ." ఆమె మెట్టు మీద ఆగింది. కళ్ల కింద నిద్రలేని నలుపు. "ఈ ఒక్కసారి నా బేరం నన్ను చేసుకోనివ్వండి."

అతను ఆమె వెనకే మెట్లెక్కాడు.

మేనేజరు గది అద్దాల గది. కింద హాల్లో ఇద్దరు మనుషులు మోటారు విప్పి నేల మీద వరసగా పరుస్తున్నారు. ఆమె కూర్చోకముందు ఒక్క క్షణం అటే చూసింది. వాళ్లు తల ఎత్తలేదు.

మేనేజరు గొంతు పెంచని మనిషి. అలాంటివాళ్లతో బేరం కష్టమని తక్కెడకు తెలుసు. అరిచేవాడికి ఎక్కడ తగ్గాలో తెలుస్తుంది. అరవనివాడు తగ్గడు.

"మీవారు అవతలి రేటు అడిగారు," అన్నాడు ఆమెతో. "పొద్దున పైవాళ్లతో మాట్లాడాను. మూడింతలు కాదు గానీ, ఇప్పుడున్నదానికి రెట్టింపు ఇస్తామన్నారు."

తక్కెడ వెన్ను నిటారైంది. ఒక్క క్షణమే.

"కాకపోతే అవతలి రేటు కావాలంటే అవతలి షరతులే. ఏడాది కాంట్రాక్టు. పర్మనెంటు పోతుంది. కుటుంబ బీమా పోతుంది. అక్కర్లేదనుకున్న రోజున చెప్పేస్తాం. వాళ్లిచ్చేదే మేమూ ఇస్తున్నాం. అన్యాయం లేదు కదా?"

"అది నేను అడగలేదు సార్," అందామె.

"మీవారు అడిగారు."

"నా ఉద్యోగం నాది సార్. పర్మనెంటు ఉండాలి. ఫీల్డు పని ఉండాలి. సూపర్‌వైజరు వరసలో నా పేరు ఎక్కడుందో అక్కడే ఉండాలి. జీతం ఒక్క పైసా పెంచక్కర్లేదు."

మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. "నాకూ అదే ఇష్టం. మీలాగా బ్రేకు చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లు నా దగ్గర ఇంకొకరు లేరు. కానీ నిన్న ఇక్కడ జరిగింది పైవాళ్లకి రాసి తీరాలి. ఎలా రాయాలన్నది ఒక్క విషయం మీద ఉంది. ఆ ఆఫర్ ఇవాళ్టికీ ఉంటే, 'మూడింతల ఉద్యోగం చేతిలో పెట్టుకుని కూడా మన దగ్గరే ఉంటానంటోంది, ఆ పోస్టు ఈవిడకే ఇవ్వాలి' అని రాస్తాను. వాళ్లు కాదనరు. ఆఫర్ లేదంటే, లేనిదాన్ని చూపించి మమ్మల్ని బెదిరించినట్టు. అప్పుడు ఫైల్లో హెచ్చరిక. సూపర్‌వైజరు మాట ఇక ఎత్తకూడదు. ఫోన్ బల్లే."

కింద ఎవరో సుత్తితో కొడుతున్నారు. మూడు దెబ్బలు, ఆగడం, మళ్లీ మూడు దెబ్బలు.

"ఉందా?" అన్నాడు మేనేజరు.

"ఉంది సార్."

ఆమె నింపాదిగా ఇంకో మాట కలిపింది. "నెలాఖరుదాకా ఆగుతామన్నారు. నేనే తొందరపడలేదు."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె అబద్ధమాడగా తక్కెడ వినలేదు. కిరాణా దుకాణంలో చిల్లర ఎక్కువిచ్చారని రెండు వీధులు వెనక్కి నడిచి ఇచ్చొచ్చిన మనిషి. ఆ నింపాది, అడక్కుండానే గడువు కలపడం, చివర్లో ఆ తేలిక మాట... ఎక్కడ విన్నాడో అతనికి తెలుసు. తన గల్లాపెట్టె వెనకాల విన్నాడు. ఆ గొంతు తనదే.

మేనేజరు ఆమె వైపు చూసి తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

"మీ ఉద్యోగం మీరు కాపాడుకుంటున్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉందనే అంటారు. తప్పు పట్టను." కుర్చీ కొంచెం ఇటు తిప్పాడు. "మీరు చెప్పండి. మా స్టోరువాళ్లు మీ కొట్లోనే బేరింగులు కొంటారు. తక్కెడ నోట రేటు వచ్చిందంటే ఇక తిరిగి చూసుకోనక్కర్లేదంటారు. మీ మాట మీదే రాస్తాను. ఆ ఉద్యోగం ఇవాళ్టికీ ఉందా?"

పెన్ను మూత పక్కన పెట్టాడు.

ఆమె అటే కిటికీలోంచి చూస్తోంది. ఆమెకు బెంగ లేదు. భర్తకు తెలిసింది జేబులోని ఆఫరే కదా, ఉందనే అంటాడు. అబద్ధమని కూడా తెలియకుండా అంటాడు. పాపం తన ఒక్కదానికే చుట్టుకుని, అతను కడిగిన చేతులతో బయటికొస్తాడు. అంత దూరం ఆలోచించే ఆమె ఆ మాట అన్నదని తక్కెడకు అప్పుడు అర్థమైంది.

ఉందంటే ఆమె పోస్టు నిలుస్తుంది. తాను చచ్చిన రేటు తెలిసి తెలిసి చూపించాడని ఈ లోకంలో తనకొక్కడికే తెలుస్తుంది. పైవాళ్లలో ఒకడు సరిహద్దు అవతలికి ఒక్క ఫోను చేస్తే మాత్రం ఫోన్ బల్లా మిగలదు, తల్లి కళ్లకి ఇంజెక్షనూ మిగలదు. లేదని చెబితే తన మాట నిలుస్తుంది. దాంతో ఇంటికెళ్లి ఏం కొనుక్కుంటాడు?

"నిన్నటి మాట నాది సార్," అన్నాడు తక్కెడ. "ఆవిడకి తెలియకుండా చెప్పాను. నిన్న నేను చెప్పినప్పుడు నాకు తెలిసింది అంతే. ఇవాళ పొద్దున మా బావమరిదితో మాట్లాడాను..."

ఆమె చటుక్కున కిటికీ నుంచి తల తిప్పి అతని ముఖంలోకి చూసింది.

"ఏమన్నాడు?" అన్నాడు మేనేజరు, కాగితం మీద పెన్ను ఆనించి.